ఏది పోతే ఆ చోటు మామూలు చోటవుతుంది?

2027లో గోదావరి పుష్కరాలు. రేవుల మరమ్మతులు, రోడ్ల వెడల్పు, రైళ్లూ బస్సులూ ఎన్ని కావాలన్న లెక్కలు ఇప్పటికే వార్తల్లో కనిపిస్తున్నాయి. ఇళ్లలో నడిచే చర్చ వేరు. కోనసీమలో మా పెద్దమ్మ ఇంట్లో సంక్రాంతికి అందరం కూర్చున్నప్పుడు అది మొదలైంది. రాజమహేంద్రవరంలో ఇప్పుడే గది మాట్లాడి పెట్టుకోవాలని బావ అన్నాడు. "మన కాలువ రేవు లేదా బాబూ? అందులో పారేది గోదావరి కాదా?" అంది పెద్దమ్మ. "కాలువ కాలువే అత్తయ్యా, పుష్కర స్నానం నదిలో చెయ్యాలి" అన్నాడు బావ. నదిలోనైనా కోటిపల్లి రేవుకున్న మహిమ అన్ని రేవులకూ ఉండదని అక్క మాట. నీళ్లన్నీ ఒకటే, పుణ్యం మనం అనుకోవడంలోనే ఉందని కాలేజీలో చదువుతున్న మేనల్లుడు తేల్చేశాడు.

నలుగురూ పవిత్రం అన్న మాటే వాడారు. కానీ నలుగురూ మాట్లాడింది నాలుగు వేర్వేరు విషయాల గురించి.

ఇది పండగపూట కబుర్లతో సరిపెట్టుకునే సంగతి కాదు. 2015 జూలై 14న, పుష్కరాల మొదటి రోజు ఉదయాన, రాజమహేంద్రవరంలో ఒక్క రేవు దగ్గర జరిగిన తొక్కిసలాటలో 27 మందికి పైగా చనిపోయారు. ఏర్పాట్ల లోపాల మీద విచారణ జరిగింది, అది జరగవలసిందే. అయితే అంతమంది అదే రేవుకు, అదే ఘడియకు ఎందుకు వచ్చారన్నది కూడా అడగవలసిన ప్రశ్న. ఒక చోటును పవిత్రం చేసేది ఏమిటని మనం అనుకుంటామో, దాన్ని బట్టే మన కాళ్లు నడుస్తాయి.

ఫలానా చోటు పవిత్రం ఎందుకయింది అని అడిగితే ఎవరైనా స్థలపురాణం చెబుతారు. కథ వినగానే మాట అక్కడితో ఆగిపోతుంది. నేను కొంతకాలంగా ఇంకో ప్రశ్న అడుగుతున్నాను: ఏది పోతే ఈ చోటు మామూలు చోటవుతుంది? దీనికి వచ్చే జవాబులో మాత్రం ఎవరు దేన్ని నమ్ముతున్నారో తేటగా కనబడుతుంది. ఈ వ్యాసం పొడవునా అదే ప్రశ్న పట్టుకుని వెళ్దాం.

తీర్థం, క్షేత్రం, శేషవస్త్రం

ముందు మాటల సంగతి. తీర్థం అన్న సంస్కృత పదానికి మూలంలో దాటడం అన్న అర్థం ఉంది. నదిని దాటడానికి వీలైన చోటు, అంటే మన రేవు. అక్కడి నుంచి సంసారాన్ని దాటించే చోటు అన్న అర్థానికి వచ్చింది. గోదావరి జిల్లాల వాడుకలో ఈ మాటకు మరో రెండు అర్థాలు ఉన్నాయి. గుడిలో పూజారి చేతిలో పోసేది తీర్థం. ఊళ్లో ఏడాదికోసారి జరిగే జాతర కూడా తీర్థమే. "తీర్థానికి వెళ్లి జీళ్లు, ఖర్జూరం తెచ్చాను" అంటే ఇక్కడ ఎవరికైనా అర్థమవుతుంది. చోటు, నీరు, జనం కూడిక: పవిత్రత గురించిన మూడు పెద్ద వాదాలూ ఈ ఒక్క మాటలోనే ఇమిడి ఉన్నాయి.

క్షేత్రం అంటే పొలం. విత్తింది మొలిచే చోటు. పుణ్యం చేస్తే రెట్టింపు పండే చోటు అన్న ఊహ అక్కడి నుంచే వచ్చింది. వరి పండించే డెల్టాలో ఈ పోలికను ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇక శుభ్రం, మడి, పవిత్రం. ఈ మూడూ కలిసిపోవడం వల్ల వచ్చే గందరగోళమే ఎక్కువ. ఉతికిన చీర శుభ్రమైనది. తడిపి, ఎవరూ తాకకుండా ఆరేసిన చీర మడిది. అమ్మవారికి కట్టి తీసిన చీర శేషవస్త్రం. దాని మీద నూనె మరకలు ఉండవచ్చు, కుంకుమ అంటుకుని ఉండవచ్చు, ధూపం పొగ వాసన వేయవచ్చు. అయినా కళ్లకద్దుకుంటాం. మొదటిది సబ్బు పని, రెండోది నియమం పని, మూడోది సంబంధం వల్ల వచ్చింది. "మురికి పడుతున్న నదిని పవిత్రం అంటారేమిటి?" అని ఒకరు, "గోదావరికి మురికేమిటి?" అని ఇంకొకరు వాదించుకుంటున్నారంటే, ఒకరు మొదటి చీర గురించీ మరొకరు మూడో చీర గురించీ మాట్లాడుతున్నారన్నమాట. నది పవిత్రమన్న నమ్మకం దాన్ని శుభ్రంగా ఉంచదు. శుభ్రంగా లేనంత మాత్రాన ఆ నమ్మకం అబద్ధమూ కాదు. ఈ రెండు లెక్కలూ విడివిడిగా వేసుకోవాలి.

మహిమ ఆ మట్టిలోనే ఉందన్న వాదం

అన్నిటికంటే పాతది, బలమైనది ఈ వాదం. మనిషి పవిత్రతను తయారు చేయడు, కనిపెడతాడు. అది అక్కడ ముందే ఉంది.

వైష్ణవ ఆగమాలు క్షేత్రాలను వరుస కట్టడంలో ఈ భావన కనిపిస్తుంది. దేవుడు తనంతట తాను వెలసినది స్వయంవ్యక్తం, దేవతలు ప్రతిష్ఠించినది దివ్యం, సిద్ధులు ప్రతిష్ఠించినది సైద్ధం, ఋషులది ఆర్షం, మనుషులు ప్రతిష్ఠించినది మానుషం. ఈ వరుసలో మనిషిది చివరి స్థానం. ఇరవయ్యో శతాబ్దంలో రొమేనియాకు చెందిన మత చరిత్రకారుడు మిర్చా ఎలియాడె కూడా ప్రపంచంలోని అనేక మతాలను చూసి ఇంచుమించు ఇదే చెప్పాడు. దివ్యమైనది ఒక చోట తనను తాను చూపించుకుంటుంది, అప్పటి నుంచి ఆ చోటు చుట్టుపక్కల నేలలాంటిది కాకుండా పోతుందని ఆయన వివరణ.

అంతర్వేది చూసినవారికి ఈ వాదం ఎందుకు నిలబడుతుందో తెలుస్తుంది. వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే చోటును అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. ఒకవైపు నీరు తేటగా, ఒకవైపు బురదరంగులో, మధ్య గీత గీసినట్టు కనిపిస్తుంది. అక్కడ నిలబడిన మనిషికి ఎవరూ పురాణం చెప్పకపోయినా, ఇది మామూలు చోటు కాదనిపిస్తుంది. సంగమాలు, కొండ కొసలు, ఊటలు, ఒంటరి పెద్ద చెట్లు చాలా సమాజాల్లో పవిత్రమైనవి కావడానికి ఇదొక కారణం.

ఇప్పుడు మన ప్రశ్న. ఏది పోతే మామూలు చోటవుతుంది? ఈ వాదం ప్రకారం ఏదీ పోదు. గుడి కూలినా, జనం రాకపోయినా, పూజ ఆగినా ఆ చోటు ఆ చోటే. ఒక్కటే ఇబ్బంది: ఆ చోటే కదిలిపోతే?

డెల్టాలో ఇది ఊహకు మాత్రమే పరిమితమైన ప్రశ్న కాదు. ఈ నేలంతా నది మోసుకొచ్చిన ఒండ్రు. సప్తర్షుల పేర్లతో గోదావరికి ఏడు పాయలని సంప్రదాయం. ఈరోజు మ్యాపు తీసి చూస్తే ధవళేశ్వరం దిగువన పెద్ద పాయలు గౌతమి, వశిష్ఠ. వశిష్ఠ నుంచి వైనతేయ చీలుతుంది. ఆ వైనతేయ పేరు సప్తర్షుల పట్టికలో లేనే లేదు, అది గరుత్మంతుడి పేరు. పట్టికలో ఉన్న తుల్యభాగ ఇప్పుడు మురుగునీటి కాలువ స్థాయికి వచ్చింది. కౌశిక చిన్న ప్రవాహంగా మిగిలింది. అయినా పుష్య అమావాస్యనాడు తుల్యభాగ సముద్రంలో కలిసే చొల్లంగిలో జనం స్నానాలు చేస్తూనే ఉన్నారు. చొల్లంగిలో మొదలుపెట్టి అంతర్వేదిలో ముగించే సప్తసాగర యాత్ర కూడా ఉంది. ఇంజనీరు గీసే మ్యాపు, యాత్రికుడు నడిచే మ్యాపు రెండూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవు. నీరు తగ్గినా, దారి మారినా, పేరు మిగిలిన చోట స్నానం మిగిలింది. అంటే మహిమ మట్టిలోనే ఉందనేవారు కూడా ఆచరణలో ఆ పేరును పట్టుకునే నడుస్తున్నారని నాకనిపిస్తుంది.

పిలిస్తే వచ్చేది, తీసుకెళ్తే వెళ్లేది

రెండో వాదం ప్రకారం పవిత్రత ఒక క్రియ వల్ల వస్తుంది. శిల్పి చెక్కినంతవరకు అది రాయి. ప్రాణప్రతిష్ఠ అయ్యాక దేవుడు. దీన్ని చిన్నచూపు చూసే మాట శాస్త్రంలో ఎక్కడా లేదు. మానుష ప్రతిష్ఠ వరుసలో చివరిదే కావచ్చు, గర్భగుడిలో జరిగే ఉపచారాలకు మాత్రం తేడా ఉండదు.

ఈ వాదానికి అసలు పరీక్ష గుడిని బాగుచేయించేటప్పుడు వస్తుంది. అర్చకులు కళాపకర్షణ అనే క్రతువు చేస్తారు. విగ్రహంలోని దైవకళను కలశంలోకి ఆవాహన చేసి, తాత్కాలికంగా కట్టిన బాలాలయానికి తరలిస్తారు. పనులు పూర్తయ్యేవరకు పూజలన్నీ అక్కడే. తెలంగాణలోని యాదాద్రిలో 2016 నుంచి 2022 మార్చి వరకు భక్తులు దర్శించుకున్నది బాలాలయంలోని స్వామినే. ఆ ఆరేళ్లూ పాత చోటు పనివాళ్లు తిరిగే చోటు. అంటే ఈ ఆలోచనలో పవిత్రత ఒక చోట ఉంటుంది, కానీ ఆ చోటుకు అతుక్కుపోయి ఉండదు.

అంతర్వేది రథం దీనికి ఇంకో ఉదాహరణ. దశాబ్దాలనాటి ఆ రథం 2020 సెప్టెంబరులో కాలిపోయింది. కాలింది కర్రే. కానీ ఆ రోజు ఆ ఊరివాళ్లు ఏడ్చింది కర్ర కోసం కాదు. కొత్త రథం చేయించి, సంప్రోక్షణ జరిపించి, 2021 ఫిబ్రవరిలో భీష్మ ఏకాదశి కల్యాణోత్సవాలకు మళ్లీ లాగారు. కొత్త కర్రలోకి పాత గౌరవం వచ్చి చేరింది.

మరి ఊళ్లకు ఊళ్లే మునిగేటప్పుడు? కృష్ణ మీద శ్రీశైలం జలాశయం కట్టినప్పుడు కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. రెండో వాదం ప్రకారం సమస్య తీరిపోయింది. అదే జలాశయంలో సప్తనదుల సంగమేశ్వరం మాత్రం అక్కడే ఉండిపోయింది. ఏటా చాలా నెలలు నీటి కింద ఉంటుంది. వేసవిలో నీరు తగ్గి శిఖరం, తర్వాత గర్భగుడి బయటపడగానే జనం వెళ్లి పూజ చేస్తారు. అది మొదటి వాదం బలం. రెండు వాదాలూ ఒకే జలాశయంలో పక్కపక్కనే బతుకుతున్నాయి.

ఇతర మతాల్లోనూ ఈ రెండు కొసలూ ఉన్నాయి. భూమంతా సాష్టాంగపడడానికి తగినదేనన్నది ఇస్లాంలో ప్రవక్త మాట. అయినా మసీదుగా వక్ఫు చేసిన, అంటే దేవుడి పేరిట శాశ్వతంగా ఇచ్చేసిన నేల ఎప్పటికీ మసీదేనని న్యాయశాస్త్రం చెబుతుంది. దర్గా సంగతి వేరు, అక్కడి బరకత్, అంటే దీవెన, సమాధిలోని మహనీయుడి సన్నిధి వల్ల వస్తుందని నమ్మకం. దర్గాకు వెళ్లడం సరైనదేనా అన్న వాదన ముస్లింలలోనే ఉంది. పంచారామ క్షేత్రమైన ద్రాక్షారామంలోనే ఒక దర్గా కూడా ఉందన్న సంగతి బయటివారికి అంతగా తెలియదు. క్రైస్తవుల్లో కేథలిక్కులు చర్చిని, బలిపీఠాన్ని ప్రత్యేక క్రతువుతో ప్రతిష్ఠిస్తారు. 1836లో మన దేశానికి వచ్చి, నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేసిన బ్రదరన్ మిషనరీల పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం. వారికి సంఘమంటే కట్టడం కాదు, కూడుకున్న మనుషులు. ఇద్దరు ముగ్గురు ప్రభువు పేరిట కూడితే తాటాకు పాక అయినా చాలు.

గుడి లేని తోట

మనుషులు కూడడమే పవిత్రత అన్నది మూడో వాదం. దీనికి నాకు తెలిసినంతలో జగ్గన్నతోటను మించిన ఉదాహరణ లేదు.

అంబాజీపేట మండలంలో మొసలపల్లి దగ్గర ఒక కొబ్బరితోట అది. అక్కడ గుడి లేదు. విగ్రహం లేదు. ఏడాదిలో మిగతా రోజుల్లో వెళ్తే రాలిన కొబ్బరిమట్టలు, చెట్ల మధ్య నీడ, పక్కన పొలాలు. కనుమ రోజున మాత్రం చుట్టుపక్కల పదకొండు ఊళ్ల నుంచి పదకొండు మంది శివుళ్లు ప్రభల మీద అక్కడికి వస్తారు. ఏకాదశ రుద్రులు ఏడాదికి ఒక్కసారి ఆ తోటలో సమావేశమై లోకక్షేమం గురించి మాట్లాడుకుంటారని నమ్మకం. నాలుగు శతాబ్దాలకు పైబడిన ఆచారమని చెబుతారు. 2023 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంగా నడిచింది ఈ ప్రభల తీర్థమే.

ప్రభ అంటే వెదురుతో కట్టి, రంగురంగుల బట్టలు చుట్టి, పూలతో అలంకరించిన ఎత్తైన గోపురంలాంటి నిర్మాణం. దాని మధ్యలో స్వామి ఉత్సవమూర్తి. చక్రాలుండవు. భుజాల మీద మోయాలి. "అశ్శరభ శరభ" అని అరుస్తూ, తూలుతూ, నిలదొక్కుకుంటూ మోస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక దాటి రావాలి. పైన చెప్పిన ఏడు పాయల్లోని కౌశికే ఇది. గట్టు దిగేటప్పుడు ముందువారి భుజాలు కిందికి పోతాయి, వెనకవారు చేతులు పైకెత్తి ప్రభను నిలబెడతారు. నీళ్లలో పీకలదాకా మునిగినవారు కూడా చేతులు దించరు. ప్రభ ఒక పక్కకు వాలినప్పుడు ఇటు గట్టు మీద, అటు గట్టు మీద ఉన్న వేలమంది ఒక్కసారిగా ఊపిరి బిగబడతారు. అది నిటారుగా లేచాక గానీ ఎవరికీ నోట మాట రాదు.

అవతల పచ్చటి వరిచేలు. ప్రభ దారి చేల మీదుగానే. వందలమంది తొక్కుతూ పోతే ఆ మడి ఏమవుతుందో రైతుకు తెలియనిది కాదు. స్వామి తొక్కిన చేను పండుతుందని ఆ రైతే గట్టు మీద నిలబడి దణ్ణం పెడతాడు.

తోటలో కూడా మర్యాదలున్నాయి. ఆతిథ్యం ఇచ్చేది మొసలపల్లి భోగేశ్వరుడు కాబట్టి ఆయన అందరికంటే ముందు వచ్చి, అందరినీ సాగనంపాకే వెళ్తాడు. వ్యాఘ్రేశ్వరం స్వామిది అధ్యక్ష స్థానం. ఆ ప్రభ తోటలోకి రాగానే అప్పటికే వచ్చి ఉన్న ప్రభలన్నిటినీ ఒక్కసారి పైకెత్తుతారు. పెద్దవారు వస్తే లేచి నిలబడడమన్నమాట.

సాయంత్రానికి అంతా అయిపోతుంది. మర్నాడు అది మళ్లీ కొబ్బరితోట.

అమెరికన్ పండితుడు జోనథన్ జెడ్. స్మిత్ వాదన ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. చోటు పవిత్రం కాబట్టి క్రతువు చేస్తారని మనం అనుకుంటాం, నిజానికి క్రతువు చేయడం వల్లే చోటు పవిత్రమవుతుందని ఆయన అంటాడు. ఏది పోతే మామూలు చోటవుతుందన్న ప్రశ్నకు జగ్గన్నతోట ఏటా జవాబు చెబుతోంది: జనం వెళ్లిపోతే.

అంత తేలిగ్గా ఒప్పుకోలేమనేవారూ ఉన్నారు. అదే తోట ఎందుకు? పక్క తోటలో ఎందుకు జరపకూడదు? ఆ ఊళ్లలో ఈ మాట అడిగి చూడండి, మీ వైపు వింతగా చూస్తారు. ఖాళీగా ఉన్న మూడువందల అరవైనాలుగు రోజులూ ఆ తోట ఎదురు చూస్తోందని వాళ్ల భావన. స్మిత్ దృష్టిలో ఏడాదికొకసారి పుట్టే పవిత్రత, వాళ్ల దృష్టిలో ఏడాదికొకసారి మేల్కొనే పవిత్రత.

ఇదే తీరులో, మన కళ్లముందే పెరిగిన ఉదాహరణ ఆత్రేయపురం మండలంలోని వాడపల్లి. వెంకటేశ్వరస్వామి గుడి పాతదే. ఏడు శనివారాలు వచ్చి ఏడేసి ప్రదక్షిణలు చేస్తే కోరిక తీరుతుందన్న మాట నోటినోటా పాకాక, శనివారాల్లో ఆ దారిలో నడవడమే కష్టమైంది. విగ్రహం మారలేదు, నది మారలేదు. మారింది జనం చెప్పుకునే అనుభవాల సంఖ్య.

ఒకే చోటు, పొరలు పొరలుగా కథలు

తారకాసురుడి మెడలోని శివలింగాన్ని కుమారస్వామి ఛేదించినప్పుడు అది అయిదు ముక్కలై పడిన చోట్లు పంచారామాలని పురాణగాథ. అమరావతి కృష్ణ ఒడ్డున ఉంది. ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం గునుపూడి నాలుగూ గోదావరి ప్రాంతంలోనివే. ద్రాక్షారామం గుడిలోని వందలాది శాసనాలు, తూర్పు చాళుక్యుల కట్టడపు పద్ధతి చూసే చరిత్రకారులు గుడి కట్టించినవాడిగా తొమ్మిది, పది శతాబ్దాల నాటి చాళుక్య భీముడి పేరు చెబుతారు. ఆరామం అన్న మాటకు బౌద్ధ విహారమన్న అర్థం కూడా ఉంది కాబట్టి, వీటిలో కొన్ని పూర్వం బౌద్ధ స్థలాలై ఉండవచ్చునని కొందరి అభిప్రాయం. ఒక్క మాటను బట్టి అంత దూరం వెళ్లకూడదని ఇంకొందరు. ఒక్కో చోట దొరికిన ఆధారాన్ని బట్టి విడివిడిగా తేల్చవలసిన విషయమిది, అయిదింటికీ ఒకే తీర్పు ఇవ్వడం కుదరదు.

బౌద్ధం డెల్టాలో ఉన్నదన్న దానికి మాత్రం ఆధారం వెతుక్కోనక్కరలేదు. కోనసీమలో వైనతేయ దగ్గర ఆదుర్రులో స్తూపం ఉంది. పురావస్తు శాఖ బోర్డు దాన్ని బౌద్ధ స్తూపమంటుంది. ఊరివాళ్లు దుబరాజు గుడి అంటూ వచ్చారు. ఎవరి స్తూపమో మరిచిపోయాక కూడా అది మామూలు దిబ్బ కాదన్న గుర్తు మాత్రం జనంలో మిగిలింది. మతం మారినా, కథ మారినా, చోటు మీద గౌరవం కొనసాగడం ప్రపంచమంతటా కనిపించే విషయమే. దీన్ని పాత పవిత్రతకు రుజువుగా చూసేవారున్నారు. గెలిచినవాడు ఓడినవాడి చోటును తీసుకున్నాడన్న గుర్తుగా చూసేవారూ ఉన్నారు. ఇదే తగాదా దేశమంతటా పెరగకూడదనే 1991లో పార్లమెంటు చేసిన చట్టం, ప్రార్థనా స్థలాల స్వభావం 1947 ఆగస్టు 15న ఎలా ఉందో అలాగే ఉండాలంది. ఆ చట్టంలో అయోధ్యకు మినహాయింపు ఇచ్చారు.

కథలు చోట్లను ఇచ్చిపుచ్చుకుంటాయి కూడా. గౌతముడు దర్భతో అదిలించిన మాయగోవు చనిపోయింది త్ర్యంబకంలోనని మహారాష్ట్రవారి కథ. కొవ్వూరులోనని గోష్పాద క్షేత్రం కథ. రెండూ నిజమెలా అవుతాయని అడిగితే ఇద్దరికీ కోపం వస్తుంది. నది పుట్టిన చోటుకూ నది సముద్రాన్ని చేరబోయే చోటుకూ ఒకే కథ కావలసి వచ్చింది. 1,465 కిలోమీటర్ల నదిని రెండు కొసల దగ్గర పట్టి ఉంచిన కథ అది.

ఊరి దేవతలు ఈ పొరలలో ఎక్కడుంటారు? అంతర్వేది రథోత్సవం చూడాలి. లక్ష్మీనరసింహస్వామి రథం గుర్రాలక్క గుడి దగ్గర ఆగుతుంది. ఆమెను అశ్వరూఢాంబిక అనీ అంటారు. స్వామికి తోబుట్టువని, ఆమెకు చీర సారె పెట్టి గానీ రథం కదలదని ఆచారం. పురాణ దేవుడు ఊరి అమ్మ గుమ్మం ముందు అన్నయ్యగా నిలబడతాడు.

ఒక ఇంజనీరు పేరు

1830లలో కరువులు, 1839 ఉప్పెన గోదావరి జిల్లాను చిదిమేశాయి. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. దాని నుంచి బయలుదేరిన కాలువలు నది నీటిని ఊరూరి రేవుకు తెచ్చాయి. ఒక పండితుడు స్నాన సంకల్పంలో, నిత్యం గోదావరీ స్నాన పుణ్యాన్ని మాకు ఇచ్చిన ఆంగ్లేయ భగీరథుడు కాటన్‌ను స్మరిస్తున్నాననే అర్థం వచ్చే శ్లోకం చెప్పుకునేవాడని ప్రసిద్ధి. డెల్టాలో ఊళ్ల కూడళ్లలో ఈయన విగ్రహాలకు ఇప్పటికీ దండలు పడుతుంటాయి.

మా పెద్దమ్మ మాట ఈ శ్లోకం నుంచే వచ్చిందని నాకు ఆలస్యంగా తెలిసింది. కాలువలో పారేది గోదావరే అన్నది ఆమె సర్దుబాటు కాదు, నూటయాభై ఏళ్లకు పైబడిన డెల్టా సిద్ధాంతం. ఇక్కడ పవిత్రతకు మూలం కృతజ్ఞత. పరాయి దేశస్థుడు, పరాయి మతస్థుడు, పరాయి ప్రభుత్వపు జీతగాడు. శిస్తు పెరగడం కోసమే ఆ ప్రభుత్వం ఆనకట్టకు డబ్బిచ్చిందని చరిత్రకారులు గుర్తు చేస్తారు. అది నిజమే. జీవనాధారం ఇచ్చినవాడి పేరును సంకల్పంలోకి తీసుకోవడానికి ఆ నిజం అడ్డు రాలేదు.

గుమ్మం బయట నిలబెట్టిన వారు

ఫ్రెంచి సామాజికశాస్త్రజ్ఞుడు ఎమిల్ దుర్ఖైమ్ పవిత్రం అంటే వేరుగా ఉంచినది, తాకకూడదని గీత గీసినది అన్నాడు. పుస్తకంలో చదివితే ఇది పొడి నిర్వచనం. గీతకు అవతలివైపు నిలబడిన మనిషికి మాత్రం అది ఒంటికి తగిలే మాట. చోటును వేరుచేసే చేతులే మనుషులనూ వేరుచేశాయి. ఇదే గోదావరి ఒడ్డున, నాసిక్‌లో, కాలారామ మందిర ప్రవేశం కోసం 1930 మార్చి 2న అంబేద్కర్ నాయకత్వంలో సత్యాగ్రహం మొదలైంది. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశాన్ని హక్కుగా చేసిన చట్టం వచ్చింది 1947లో. అంతవరకు ఎందరో గాలిగోపురానికే దణ్ణం పెట్టుకుని తిరిగి వెళ్లారు.

కాబట్టి డెల్టా పల్లెల్లో పేటల మధ్య లేచిన చర్చిలను మతం మార్పిడి లెక్కల్లో మాత్రమే చూస్తే అసలు సంగతి తప్పిపోతుంది. లోపలికి రమ్మన్న మొదటి పవిత్ర స్థలం చాలామందికి అదే. ఏది పోతే మామూలు చోటవుతుందన్న ప్రశ్నకు వారి వైపు నుంచి వచ్చే జవాబు వేరు: అందరినీ రానివ్వని చోటు పవిత్రమైనదే కాదు. ఈ జవాబు మొదటి మూడు వాదాల్లోనూ ఇమడదు. నాకు మాత్రం వాటన్నిటికంటే ఇదే ముందు వినవలసినదనిపిస్తుంది.

కోర్టు అడిగే ప్రశ్న

న్యాయస్థానం మహిమను కొలవలేదు. ఎవరి హక్కు అన్నదే అది తేల్చగలదు. హిందూ దేవుడు చట్టం దృష్టిలో ఆస్తి కలిగి ఉండగల వ్యక్తి, దేవుడి మాన్యాలు దేవుడివే అన్నది అందుకే. ఒడిశాలోని నియమగిరి కేసులో సుప్రీంకోర్టు 2013లో, ఆ కొండ మీద డోంగ్రియా కోంధు గిరిజనుల మతహక్కులు ఎంతవరకన్నది వారి గ్రామసభలే తేల్చాలంది. పన్నెండు గ్రామసభలూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. గుడి లేని కొండ కూడా పవిత్రస్థలమేనని, ఆ మాట చెప్పవలసింది దాన్ని కొలిచేవారేనని అక్కడ తేలింది. గంగ, యమున నదులు చట్టబద్ధమైన వ్యక్తులని ఉత్తరాఖండ్ హైకోర్టు 2017లో ఇచ్చిన తీర్పును మాత్రం సుప్రీంకోర్టు అదే ఏడాది నిలిపివేసింది. వరదొచ్చి ఊరు ముంచితే నది మీద దావా వేయవచ్చా అన్నది అక్కడ వచ్చిన చిక్కుల్లో ఒకటి.

మళ్లీ రేవు దగ్గరికి

ఇప్పుడు పుష్కర స్నానాన్ని చూద్దాం. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినప్పుడు పుష్కరుడు గోదావరికి వస్తాడని, మొదటి పన్నెండు రోజులూ నదిలో ఉంటాడని నమ్మకం. గమనించండి, ఇది చోటు గురించిన నమ్మకం కంటే కాలం గురించిన నమ్మకం. పుష్కరుడు వచ్చేది నదికి, ఫలానా మెట్ల వరుసకు కాదు. త్ర్యంబకం నుంచి అంతర్వేది వరకు ఎక్కడ మునిగినా ఆ పన్నెండు రోజులూ పుష్కర స్నానమే. ఆ నమ్మకం ప్రకారమే చూసినా మొదటి రోజు, మొదటి ఘడియ, ఒకే రేవు అన్న తొందరకు ఆధారం బలహీనం. ఆ తొందర మూడో వాదం నుంచి వచ్చింది: అందరూ వెళ్లే చోట మహిమ ఎక్కువ. ఆ భావన తప్పని నేననను, జగ్గన్నతోట నిలిచింది దాని మీదే. కానీ తోటలో పదకొండు ఊళ్లకూ ఎవరి దారి వారికి, ఎవరి వరుస వారికి ముందే తెలుసు. 2015లో రాజమహేంద్రవరం మెట్ల దగ్గర నిలబడినవారికి ఆ రెండూ తెలియవు.

మా ఇంటి చర్చలో బావ మొదటి వాదం, అక్క కథల వాదం, మేనల్లుడు స్మిత్ వైపు. పెద్దమ్మను ఈ ప్రశ్నే అడిగాను. వేసవిలో మరమ్మతుల కోసం కాలువ కట్టేస్తారు కదా, అడుగున పగుళ్లిచ్చిన మట్టి తప్ప ఏమీ ఉండదు కదా, అప్పుడు రేవు మామూలు చోటవుతుందా అని.

"అప్పుడు నూతి దగ్గర పోసుకుంటాను" అంది. చెంబులో నీళ్లు తీసుకుని గంగ, యమున, గోదావరి, సరస్వతి, నర్మద, సింధు, కావేరి ఏడింటినీ ఆ నీళ్లలోకి రమ్మని పిలుస్తుందట. మరి చెంబులోకే వచ్చేటప్పుడు రేవుకు వెళ్లడమెందుకు?

"పిలిస్తే వస్తుంది. అయినా మనం కూడా ఒకసారి వాళ్లింటికి వెళ్లాలి కదమ్మా" అంది.

జూన్‌లో ధవళేశ్వరం దగ్గర తలుపులు ఎత్తాక ఎర్రటి కొత్తనీరు మా ఊరి రేవుకు చేరడానికి కొంత సమయం పడుతుంది. ముందు తుక్కు, ఎండుటాకులు తోసుకుంటూ నురగ వస్తుంది, వెనక నీరు. గత ఏడాది అది వచ్చేసరికి పెద్దమ్మ పసుపు, కుంకుమ పొట్లం పట్టుకుని పై మెట్టు మీద కూర్చుని ఉంది. మొదటి మెట్టు తడిసేవరకు ఆగి, మోకాళ్లు పట్టుకుని లేచి, కిందికి దిగింది.